ప్రాంతీయ విమానయాన హాల్ ఆఫ్ ఫేమ్: నాలుగు చోట్లు, 43 పేర్లు, ఎవరిని ఎంచాలి?

రెక్కలచప్పుడు (సోమవారం, ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. మా ప్రాంతంలోని ఒక చిన్న ఏవియేషన్ మ్యూజియం ఈ ఏడాది హాల్ ఆఫ్ ఫేమ్ (ప్రముఖుల పేర్లు గోడ మీద రాసి గౌరవించే మందిరం) మొదలుపెడుతోంది. ఎంపిక కమిటీలో ఐదుగురం, అందులో నేనొకణ్ణి. మొదటి ఏడాది నలుగురికే చోటు. నామినేషన్లు 43 వచ్చాయి.

నిన్న రాత్రి అన్నీ బల్ల మీద పరుచుకుని చూశాను. 36 పైలట్లవి. ఎయిర్‌లైన్ పెట్టినవాళ్ళు ఇద్దరు, ఫ్లయింగ్ క్లబ్బులు నడిపినవాళ్ళు ముగ్గురు, ఒక డిజైనర్, ఒక ఎయిర్‌ఫోర్స్ దళం. మెకానిక్ ఒక్కరూ లేరు. విమానాలకి దారి చెప్పే కంట్రోల్ టవర్ నుంచీ ఒక్క పేరు లేదు. ఇదొక ఇబ్బంది.

రెండోది ఇంకా చిక్కుగా ఉంది. "మన ప్రాంతం వాళ్ళు" అంటే ఎవరు? ఇక్కడ పుట్టి రెండేళ్ళకే వెళ్ళిపోయి ఎక్కడో పేరు తెచ్చుకున్నవాళ్ళా? ఎక్కడో పుట్టి ఇక్కడ 30 ఏళ్ళు పనిచేసినవాళ్ళా? కమిటీలో దీని మీదే గంటన్నర గడిచింది, ఏమీ తేలలేదు. వచ్చే శనివారం మళ్ళీ కూర్చుంటున్నాం. ఈలోగా మీ అందరి మాటా వినాలని ఉంది.

నీలిగగనం (సోమవారం, ఉదయం 9:15)

ఈ చిక్కు విమానయానం పుట్టిన రోజు నుంచీ ఉందండీ. రైట్ సోదరుల్నే చూడండి. విల్బర్ 1867లో ఇండియానాలో పుట్టాడు. ఆర్విల్ 1871లో ఒహాయోలోని డేటన్‌లో పుట్టాడు. విమానం తయారైంది డేటన్ సైకిల్ షాపులో. ఎగిరింది నార్త్ కరోలినాలో, 1903 డిసెంబర్ 17న. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. అదే రోజు నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. ఈ రోజుకీ ఒహాయో "విమానయానం పుట్టిల్లు మాది" అంటుంది, నార్త్ కరోలినా "మొదట ఎగిరింది మా నేల మీద" అంటుంది. రెండూ ఆ మాటల్ని కార్ల నంబర్ ప్లేట్ల మీద వేసుకున్నాయి.

నా దృష్టిలో రెండు రాష్ట్రాలదీ న్యాయమే. కానీ నార్త్ కరోలినా గర్వంగా చెప్పుకోవలసిన పేర్లు ఇంకా ఉన్నాయి. 1900లో విల్బర్ అక్కడికి వచ్చినప్పుడు బిల్ టేట్ అనే ఆయన ఇంట్లో చోటిచ్చి ఆదరించాడు. గ్లైడర్ రెక్కల గుడ్డని విల్బర్ కుట్టుకున్నది టేట్ భార్య కుట్టుమిషన్ మీదే. 1903లో ఆ సుప్రసిద్ధ ఫోటో తీసిన జాన్ డేనియల్స్ సముద్రతీర రక్షణ కేంద్రంలో పనివాడు. జాతీయ స్థాయి మందిరంలో వీళ్ళకి చోటు దొరకడం కష్టం. ప్రాంతీయ మందిరం ఉన్నది ఇలాంటి వాళ్ళ కోసమే అనుకుంటాను. పెద్ద మందిరంలో ఉన్న పేర్లనే మళ్ళీ రాసుకుంటే మనం కొత్తగా చెప్పేదేముంటుంది?

కాబట్టి నా మాట: పుట్టుక కన్నా పని ముఖ్యం. ఆ పని మీ నేల మీద జరిగిందా లేదా అన్నదే చూడండి.

తొలిసోలో (సోమవారం, మధ్యాహ్నం 1:05)

నీలిగగనం గారూ, మీ సూత్రం చాలామందికి సరిపోతుంది. కానీ కొందరికి అన్యాయం చేస్తుంది. బెస్సీ కోల్‌మన్ సంగతి చూడండి. 1892లో టెక్సస్‌లోని అట్లాంటా అనే ఊళ్ళో పుట్టింది. నల్లజాతి అమ్మాయి కావడంతో అమెరికాలో ఏ ఫ్లయింగ్ స్కూలూ చేర్చుకోలేదు. ఫ్రెంచ్ నేర్చుకుని ఫ్రాన్స్ వెళ్ళి, 1921 జూన్ 15న అంతర్జాతీయ లైసెన్స్ తెచ్చుకుంది. 1926 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో ప్రమాదంలో పోయింది. పని ఎక్కడ జరిగిందో అదే లెక్క అంటే ఆమె చదువు ఫ్రాన్స్ ఖాతాలోకి పోతుంది. కానీ తలుపు మూసిన నేల ఏది? ఆ నేలకే ఆమె పేరు గోడ మీద రాసుకోవలసిన బాధ్యత ఎక్కువ. "ఇక్కడ పుట్టింది, ఇక్కడ నేర్పలేదు" అని కూడా రాయాలి.

మన దేశంలో ప్రేమ్ మాథుర్ గారిని తీసుకోండి. అలహాబాద్‌లో విమానం నడపడం నేర్చుకున్నారు. 1947లో ఉద్యోగమిచ్చింది హైదరాబాద్‌కి చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్. భారతదేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఆమే. ఆమె అలహాబాద్ మనిషా, హైదరాబాద్ మనిషా? రెండు చోట్లా గోడ మీద ఉంటే ఎవరికి నష్టం?

నేను మొదటి సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం) చేసిన రోజున మా క్లబ్ గోడ మీద 22 ఫోటోలు ఉండేవి. అందరూ మగవాళ్ళే. ఎవరూ నన్ను అడ్డుకోలేదు, ఇన్‌స్ట్రక్టర్ చాలా మంచివారు. అయినా ఆ గోడ ముందు నిలబడితే ఏదో టెన్షన్‌గా ఉండేది. గోడ మీద ఎవరి ముఖం ఉందన్నది చిన్న విషయం కాదండీ.

పాతహ్యాంగర్ (సోమవారం, రాత్రి 9:50)

మెకానిక్ ఒక్కరూ లేరు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. 34 ఏళ్ళు ఆ పనే చేశాను. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

రైట్ సోదరుల పేరు వచ్చింది కాబట్టి చార్లీ టేలర్ గురించి చెప్పుకోవాలి. వాళ్ళకి తగినంత తేలికైన ఇంజిన్ ఏ కంపెనీ దగ్గరా దొరకలేదు. వాళ్ళ సైకిల్ షాపులో మెకానిక్‌గా ఉన్న టేలర్ ఆరు వారాల్లో ఇంజిన్ తయారుచేశాడు. సరైన డ్రాయింగులు లేవు. కాగితం మీద గీసుకున్న స్కెచ్‌ని బెంచి ముందు తగిలించుకుని పనిచేశామని ఆయనే చెప్పాడు. అల్యూమినియం క్రాంక్‌కేస్ (ఇంజిన్ బయటి పెట్టె), నాలుగు సిలిండర్లు, 12 హార్స్‌పవర్. ఆ ఇంజిన్ లేకపోతే డిసెంబర్ 17 లేదు. అలాంటి మనిషి చివరి రోజుల్లో చేతిలో డబ్బు లేక అవస్థపడి 1956లో పోయాడు. అమెరికా జాతీయ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది 1965లో. రైట్ సోదరుల పేర్లు 1962లోనే ఎక్కాయి. ఈ రోజు అమెరికాలో 50 ఏళ్ళు పనిచేసిన మెకానిక్‌లకి ఇచ్చే అవార్డు ఆయన పేరు మీదే ఉంది.

ఇప్పుడు నా అనుభవం. రెక్కలచప్పుడు గారూ, నేను ఉద్యోగంలో చేరింది మీ ప్రాంతంలోని హ్యాంగర్‌లోనే, అంటే విమానాలు నిలిపి మరమ్మతు చేసే షెడ్డులో. అక్కడ మాకొక సీనియర్ ఉండేవారు, నాకు టార్చ్ ఎలా పట్టుకోవాలో నేర్పిన మనిషి. నవ్వకండి, అదొక విద్య. వెలుగుని నేరుగా వేస్తే పగులు కనపడదు, ఏటవాలుగా వేస్తేనే దాని నీడ కనిపిస్తుంది. ఒక రాత్రి ల్యాండింగ్ గేర్ దగ్గర బ్రాకెట్ మీద ఆయనకి వెంట్రుక లాంటి గీత కనిపించింది. పెయింట్ మీది గీతేనని ఇద్దరు అన్నారు. తెల్లారి విమానం నిండా ప్రయాణికులు. పై నుంచి ఒత్తిడి. ఆయన మాత్రం "సంతకం పెట్టను" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. పెయింట్ తీసి, పగుళ్ళలోకి ఇంకే రంగు ద్రవం (డై) వేసి పరీక్ష చేస్తే పగులు బయటపడింది. విమానం రెండు రోజులు ఆగింది. ప్రయాణికులు తిట్టుకుంటూ వెళ్ళారు. ఆయనకి రాతపూర్వకంగా ఒక మంచి మాట కూడా రాలేదు.

ప్రమాదం జరిగితే పైలట్ ధైర్యం నలుగురూ చూస్తారు. జరగకుండా పోయిన ప్రమాదాన్ని ఎవరు చూస్తారు? మీ 36 నామినేషన్లలో ప్రతి పైలట్ లాగ్‌బుక్‌లో వేల గంటలు ఉంటాయి. ఆ ప్రతి గంట వెనకా, విమానం మరమ్మతులు రాసే టెక్నికల్ లాగ్‌లో ఒక మెకానిక్ సంతకం ఉంటుంది. ఆ సంతకాలు ఎవరివో ఒక్కసారి చూడండి చాలు.

విమానాలపిచ్చి (సోమవారం, రాత్రి 10:30)

పాతహ్యాంగర్ గారూ, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. అయినా ఒక మాట చెప్పాలి. నేను ఇంజినీరింగ్ మూడో ఏడాది విద్యార్థిని. నన్ను ఈ వైపు లాగింది పైలట్ల కథలే. ఎనిమిదేళ్ళ పిల్లాడు మ్యూజియంకి వస్తే ఒంటరిగా సముద్రం దాటిన మనిషి ఫోటో ముందు ఆగుతాడు. ఇన్‌స్పెక్షన్ రికార్డు ముందు ఆగుతాడా? మొదటి ఏడాదే అన్నీ తెలియని పేర్లు పెడితే జనం రారేమోనని నా భయం. ముందు ఒకరిద్దరు పేరున్న పైలట్లని పెట్టి, తర్వాత మిగతావాళ్ళని తీసుకురావచ్చు కదా?

పాతహ్యాంగర్ (సోమవారం, రాత్రి 10:52)

బాబూ, "తర్వాత" అన్న మాటని మా వాళ్ళు 34 ఏళ్ళుగా వింటున్నారు.

ఆ పిల్లాడి చేతికి టార్చ్ ఇచ్చి, పగులున్న బ్రాకెట్ ముందు నిలబెట్టి "కనుక్కో చూద్దాం" అనండి. కదలమన్నా కదలడు.

టవర్_నైట్‌షిఫ్ట్ (మంగళవారం, ఉదయం 6:20)

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. టవర్ తరఫున నాలుగు మాటలు.

ఆర్చీ లీగ్ అని ఒకాయన. 1929లో సెయింట్ లూయిస్ ఎయిర్‌ఫీల్డ్‌లో గొడుగు కట్టిన తోపుడుబండి ఒకటి రన్‌వే దగ్గర పెట్టుకుని, రెండు జెండాలతో విమానాలకి "ఆగు", "వెళ్ళు" అని చెప్పేవాడు. అమెరికాలో మొదటి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఆయనే. చలికాలంలో మందపాటి కోటు, చేతిలో జెండాలు, అంతే. రేడియో లేదు.

ఎల్రీ జెప్సన్ పైలటే, కానీ ప్రపంచం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది 10 సెంట్ల నల్ల నోట్‌బుక్ వల్ల. మెయిల్ విమానాలు నడుపుతూ దారిలోని కొండల ఎత్తులు, నీళ్ళ ట్యాంకులు, దిగడానికి వీలైన పొలాల వాలు అన్నీ అందులో రాసుకున్నాడు. కావలసి వస్తే ఫోన్ చేయడానికి రైతుల నంబర్లు కూడా. తోటి పైలట్లు కాపీ అడిగేవారు. అలా మొదలైన చార్టులే ఈ రోజు కాక్‌పిట్‌లలో ఉన్నాయి.

ఇక ప్రాంతం అన్న మాటకి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ సూ సిటీ. 1989 జూలై 19న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 232, డీసీ-10 విమానం. తోక ఇంజిన్ పేలి విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. కెప్టెన్ అల్ హేన్స్ బృందం, ప్రయాణికుడిగా వచ్చి చేయి కలిపిన శిక్షణ పైలట్ డెన్నీ ఫిచ్, మిగిలిన రెండు ఇంజిన్ల థ్రాటిల్స్‌తోనే (వేగం పెంచి తగ్గించే మీటలతోనే) అయోవాలోని ఆ రన్‌వే దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. హేన్స్ తర్వాత ఎక్కడ మాట్లాడినా ఒక్కడి గొప్పతనం కాదనే చెప్పేవారు. సూ సిటీ వాళ్ళు రెండేళ్ళ ముందే, 1987లో, పెద్ద విమాన ప్రమాదం జరిగితే ఏం చేయాలో పూర్తిస్థాయి డ్రిల్ చేసి ఉన్నారు. ఆ డ్రిల్‌కి పూనుకున్నవాళ్ళు, మైక్ దగ్గర గొంతు వణక్కుండా దారి చెప్పిన కంట్రోలర్, అంబులెన్సులు, ఆస్పత్రులు. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ళకి ఆ ఊరు దారిలో తగిలిన రన్‌వే. అక్కడి ప్రాంతీయ గోడ మీద మొదట రాయవలసింది ఎవరి పేరు?

దక్షిణగాలి (మంగళవారం, ఉదయం 11:10)

నేను గతంలో ఇలాంటి ఎంపిక కమిటీలో ఆరేళ్ళు ఉన్నాను. ఎక్కడని చెప్పను. మేం చేసిన ఒక తప్పు చెబుతాను, మీరు చేయకండి.

మా ప్రాంతంలో "మొట్టమొదట ఎగిరినవారు" అని ఒకరికి ఫలకం పెట్టాం. ఆధారం: కుటుంబం ఇచ్చిన పత్రికా కటింగ్, ఒక ఫోటో. ఏడాదిన్నర తర్వాత ఇంకొకరి లాగ్‌బుక్ బయటపడింది, ఎనిమిది నెలల ముందు తేదీతో. ఫలకం తీయాల్సి వచ్చింది. ఆయన కూతురు వచ్చి మౌనంగా నిలబడి చూసి వెళ్ళారు. ఆయన తప్పేమీ లేదు. నిజానికి "మొదటి" అన్న మాట లేకపోయినా ఆయన గౌరవానికి అర్హులే. ఆ ఒక్క మాట కోసం ఆశపడి మేమే ఆయన పరువు తీశాం.

పెద్దవాళ్ళూ దీనికి అతీతులు కారు. 2013లో కనెక్టికట్ రాష్ట్రం ఏకంగా చట్టం చేసి, తమ గుస్తావ్ వైట్‌హెడ్ రైట్ సోదరుల కన్నా రెండేళ్ళ ముందే ఎగిరాడంది. ఎగురుతున్న ఫోటో ఒక్కటీ లేదు. ప్రాంతాభిమానం ఆధారాన్ని మించిపోతే ఇలాగే ఉంటుంది. అంతకు ముందు అమెరికా జాతీయ మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థే తన పాత అధిపతి లాంగ్లీ విమానాన్ని వెనకేసుకొచ్చింది. 1903లో రెండుసార్లూ నీళ్ళలో పడ్డ ఆ యంత్రాన్ని 1914లో మార్పులు చేసి ఎగరేసి, "ఎగరగల సామర్థ్యం ఉన్న మొదటి విమానం" అని బోర్డు పెట్టింది. మనసు విరిగిన ఆర్విల్ 1903లో ఎగిరిన తన విమానం ఫ్లయర్‌ని 1928లో లండన్ మ్యూజియంకి పంపేశాడు. స్మిత్సోనియన్ 1942లో తప్పు ఒప్పుకుంది. ఫ్లయర్ తిరిగి వచ్చింది 1948 చివర్లో, అప్పటికి ఆర్విల్ లేడు. ఒక్క బోర్డు మీది తప్పు వాక్యం ఖరీదు అది.

అందుకే నేను పట్టుబట్టేవి కొన్ని. "మొదటి" అని రాయాలంటే ఆ కాలంలోనే రాసిన కాగితం ఉండాలి, తర్వాత చెప్పుకున్న జ్ఞాపకం చాలదు. విరాళం ఇచ్చినవారి బంధువు పేరు చర్చకి వస్తే దాన్ని తెచ్చిన సభ్యుడు బయటికి వెళ్ళాలి. ఓటు రహస్యంగా ఉండాలి. మా దగ్గర చేతులెత్తించేవారు, అధ్యక్షుడి చెయ్యి లేచాక మిగతావి లేచేవి.

రెక్కలచప్పుడు (మంగళవారం, మధ్యాహ్నం 2:00)

దక్షిణగాలి గారూ, మీ పోస్టు ప్రింట్ తీసి కమిటీకి ఇస్తున్నాను.

ఒక సందేహం. కాగితం ఉండాలంటే మళ్ళీ పైలట్లకే లాభం కదా? వాళ్ళకి లాగ్‌బుక్ ఉంటుంది, పత్రికల్లో వార్తలుంటాయి. మెకానిక్‌కీ కంట్రోలర్‌కీ ఏ ఆధారం అడగాలి?

నీలిగగనం (మంగళవారం, మధ్యాహ్నం 3:35)

మంచి ప్రశ్న. ఆధారం ఉంటుంది, వెతికేవాళ్ళుండాలి. మెకానిక్‌లు సొంత వర్క్ లాగ్‌బుక్ దాచుకుంటారు. లైసెన్సు మీద ఏ ఏ విమానాలకి అనుమతి ఉందో రాసి ఉంటుంది. శిక్షణ ఇచ్చినవాళ్ళయితే శిష్యుల పేర్ల జాబితాలు. ఇంకా బతికున్న సహోద్యోగులు ఇద్దరు ముగ్గురిని విడివిడిగా కూర్చోబెట్టి మాటలు రికార్డు చేయండి. ఒకరి ముందు ఒకరు చెబితే కథ ఒక్కటైపోతుంది, విడిగా అయితే ఎక్కడ కలుస్తుందో తెలుస్తుంది. నామినేషన్ రాయడం అందరికీ రాదు. కాబట్టి కమిటీయే ఒకరిని వెళ్ళి రాసిపెట్టమనాలి. ఫారం బాగా నింపినవాళ్ళు గెలిచే పోటీ కాకూడదిది.

తొలిసోలో (మంగళవారం, సాయంత్రం 6:45)

మీ జాబితాలో ఒక దళం ఉందన్నారు కదా, దాని గురించి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో విమానాలు నడిపిన మహిళా దళం వాస్ప్‌లో శిక్షణ పూర్తిచేసినవాళ్ళు 1,074 మంది. 38 మంది పనిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళని సైనికులుగా లెక్కించలేదు కాబట్టి శవపేటిక మీద జెండా కప్పలేదు, ఇంటికి పంపే ఖర్చు కూడా ప్రభుత్వం పెట్టలేదు. 1977లో గానీ మాజీ సైనికులుగా గుర్తించలేదు. ఇలాంటి చోట ఒక్కరిని వేరుచేసి గౌరవించడం కుదరదు. దళమంతా ఒక ఎంట్రీగా రావాలి.

జెర్రీ మాక్ గురించి కూడా ఎవరూ అనలేదు. 1964లో ఒహాయోలోని కొలంబస్ నుంచి ఒంటరిగా బయలుదేరి 29 రోజుల్లో భూమిని చుట్టి వచ్చిన తొలి మహిళ. ముగ్గురు పిల్లల తల్లి, ఒక చిన్న సెస్నా. భూమిని చుట్టే ప్రయత్నంలో కనబడకుండా పోయిన అమీలియా ఇయర్‌హార్ట్ పేరు అందరికీ తెలుసు, పూర్తిచేసి వచ్చిన ఈవిడ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ప్రాంతీయ గోడ గుర్తుపెట్టుకోకపోతే ఇంకెవరు గుర్తుపెట్టుకుంటారు?

నీలిగగనం (మంగళవారం, రాత్రి 8:10)

దళాన్ని తీసుకోండి, కానీ పేర్లన్నీ రాయండి. "ఫలానా దళం సభ్యులు" అని ఒక్క ఫలకంతో సరిపెడితే వాళ్ళు మళ్ళీ గుంపులో కలిసిపోతారు.

విమానాలపిచ్చి (మంగళవారం, రాత్రి 9:25)

నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. లిండ్‌బర్గ్ గురించి నిన్నటి నుంచీ చదువుతున్నాను. 1927లో ఆయన ఒంటరిగా అట్లాంటిక్ దాటుతూ 33 గంటలన్నర ఎగిరిన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్‌ని శాన్‌డియేగోలోని ర్యాన్ కంపెనీ వాళ్ళు 60 రోజుల్లో కట్టారట. డిజైన్ చేసిన డొనాల్డ్ హాల్ పేరు నేను ఇంతవరకూ వినలేదు. ఇంజినీరింగ్ చదువుతూ వినలేదు.

ఇంకో అనుమానం. 1938లో జర్మనీ ఇచ్చిన పతకాన్ని లిండ్‌బర్గ్ తీసుకున్నాడు, తర్వాత కూడా తిరిగి ఇవ్వలేదు. 1941లో యూదుల మీద ఆయన అన్న మాటలు చాలామందిని గాయపరిచాయి. ఎగరడంలో గొప్ప, మాటల్లో ఇలా. అలాంటివాళ్ళని ఏం చేయాలి?

దక్షిణగాలి (మంగళవారం, రాత్రి 10:05)

మేం ఏం చేసేవాళ్ళమంటే, దేనికి గౌరవిస్తున్నామో ఒక్క వాక్యంలో రాసేవాళ్ళం. ఆ పనికి మాత్రమే గౌరవం. దాని కిందే జీవిత వివరాల్లో మిగతాదీ దాచకుండా రాయాలి. దాచాలనిపిస్తే ఆ పేరు మీద మీకే నమ్మకం లేదన్నమాట. ఇంకొకరికి పనిలో హాని చేసినవాళ్ళు, రికార్డులు తారుమారు చేసినవాళ్ళు అయితే నేను వద్దంటాను.

టవర్_నైట్‌షిఫ్ట్ (బుధవారం, ఉదయం 6:35)

బతికున్నవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. కొన్ని చోట్ల పోయినవాళ్ళకే అంటారు. నాకది సరికాదనిపిస్తుంది. డేవిడ్ వారెన్ ఆస్ట్రేలియా శాస్త్రవేత్త. తొమ్మిదేళ్ళప్పుడు, 1934లో, తండ్రి విమాన ప్రమాదంలో పోయాడు. 1950ల్లో కామెట్ అనే ప్రయాణికుల జెట్లు కూలిపోతుంటే కాక్‌పిట్‌లో మాటలు రికార్డు చేసే యంత్రం ఉండాలన్నాడు. అదే ఈనాటి బ్లాక్ బాక్స్‌కి మూలం. మొదట్లో సొంత దేశంలోనే పట్టించుకోలేదు, పైలట్లు తమ మాటలు వింటారని వద్దన్నారు. దేశం పెద్ద గౌరవం ఇచ్చింది 2002లో. ఆయన 2010 దాకా బతికారు కాబట్టి అందుకోగలిగారు. చార్లీ టేలర్‌కి ఆ అదృష్టం లేదు. నాలుగింటిలో కనీసం ఒకటి, చేత్తో అందుకోగలిగినవాళ్ళకి ఇవ్వండి.

రెక్కలచప్పుడు (శనివారం, రాత్రి 8:20)

ఈ రోజు కమిటీ కూర్చుంది. నాలుగు గంటలు పట్టింది. రహస్య ఓటుకి అందరూ ఒప్పుకున్నారు. పుట్టినా, పనిచేసినా, చదువుకున్నా, ప్రాంతంతో బంధం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలని రాసుకున్నాం. "మొదటి" అన్న మాట కాగితం లేకుండా వాడం. దళాన్ని తీసుకుంటున్నాం, పేర్లన్నిటితో. పైలట్లలో ఒక్కరు, ఫ్లయింగ్ క్లబ్ నడిపిన ఒకావిడ. ఆవిడకి 81 ఏళ్ళు, ఫోన్ చేస్తే మొదట నమ్మలేదు.

నాలుగో చోటు ఖాళీగా ఉంచాం. నేల మీద పనిచేసినవాళ్ళకే అది. నామినేషన్ గడువు మూడు వారాలు పెంచాం. పాతహ్యాంగర్ గారూ, ఆ రాత్రి సంతకం పెట్టనన్న మీ సీనియర్ పేరు మీదుగా ఒక నామినేషన్ రావాలి. ఓటప్పుడు నేను పక్కకి తప్పుకుంటాను. రాయడానికి సాయం మాత్రం చేస్తాను.

పాతహ్యాంగర్ (శనివారం, రాత్రి 11:15)

వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. ఆయన పోయి ఆరేళ్ళయింది, నాకు కబురు ఆలస్యంగా తెలిసింది. అటక మీద ఇనప్పెట్టెలో 11 వర్క్ లాగ్‌బుక్కులు ఉన్నాయట, ఎవరూ తెరవలేదట. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళలో నాతో కలిపి ముగ్గురం బతికున్నాం. నీలిగగనం గారు చెప్పినట్టు మమ్మల్ని విడివిడిగా అడగండి.

రేపు పొద్దున్న మొదటి బస్సుకి బయలుదేరుతున్నాను. మా మనవడు స్కానర్ సర్దుతున్నాడు. టార్చ్ నేను పెట్టుకున్నాను, పెన్సిల్ రాతలు వెలిసిపోయి ఉంటే ఏటవాలు వెలుగులో కనిపిస్తాయి.